పోస్ట్‌డాక్‌కు అప్లై చేయడం ఎలా: పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు సమగ్ర మార్గదర్శి

"అన్నా, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుంది?" పోస్ట్‌డాక్ గురించి నన్ను అడిగే జూనియర్లు చాలామంది ఈ ప్రశ్నతోనే మొదలుపెడతారు. జేఆర్‌ఎఫ్‌కి నెట్ నోటిఫికేషన్, పీహెచ్‌డీ సీటుకి యూనివర్సిటీ నోటిఫికేషన్ చూసుకుంటూ వచ్చినవాళ్లం కదా, అలా అడగడం సహజమే. కానీ పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు చేసే పరిశోధన ఉద్యోగం, ఎక్కువగా అలా రాదు. ఎక్కడో ఒక ప్రొఫెసర్ దగ్గర పని ఉంటుంది. దానికి డబ్బు ఉంటుంది, లేదా తెచ్చుకునే దారి ఉంటుంది. ఆ పని మీరు చేయగలరని ఆ ఒక్క మనిషికి నమ్మకం కలగాలి. కింద చెప్పే మెట్లన్నీ ఆ నమ్మకం కలిగించడానికే.

ఇది ముఖ్యంగా సైన్స్, ఇంజినీరింగ్ ల్యాబుల్లోకి వెళ్లాలనుకునేవాళ్ల కోసం. రాష్ట్ర యూనివర్సిటీల్లో చదివినవాళ్లను మనసులో పెట్టుకుని రాశాను. పెద్ద పరిశోధన సంస్థల్లో ఉన్నవాళ్లకు ఇవన్నీ చెప్పే సీనియర్లు పక్క ల్యాబులోనే ఉంటారు. మనలో చాలామందికి ఆ వీలు ఉండదు.

1. ముందుగా తేల్చుకోండి: జీతం ఎవరిస్తారు?

అందరూ దాటేసే మెట్టు ఇదే. జీతం వచ్చే దారిని బట్టి మీరు రాసే ఉత్తరం మారుతుంది, గడువు మారుతుంది, అర్హత కూడా మారుతుంది.

మొదటి దారి, ప్రొఫెసర్ ప్రాజెక్టు డబ్బు. అమెరికాలో ఎక్కువ పోస్టులు ఇలాంటివే. మన దేశంలో వీటిని రీసెర్చ్ అసోసియేట్ పోస్టులంటారు. 2023 సవరణ ప్రకారం కేంద్ర నిధులతో నడిచే ప్రాజెక్టుల్లో ఆర్‌ఏ-1కి నెలకు 58,000, ఆర్‌ఏ-2కి 61,000, ఆర్‌ఏ-3కి 67,000 రూపాయలు. హెచ్‌ఆర్‌ఏ అదనం.

రెండో దారి, మీ పేరు మీద వచ్చే ఫెలోషిప్. ప్రొఫెసర్ ఒప్పుకుని చోటిస్తే చాలు, డబ్బు మీతో పాటు వస్తుంది. అలా చోటిచ్చే ప్రొఫెసర్‌నే హోస్ట్ అంటారు. మూడోది, సంస్థ తన సొంత నిధులతో ఇచ్చేది. బెంగళూరు ఐఐఎస్సీలోని సి.వి.రామన్ పోస్ట్‌డాక్, ఐఐటీల ఇన్‌స్టిట్యూట్ పోస్ట్‌డాక్ ఈ కోవలోకి వస్తాయి.

రెండో దారిలో వెళ్లేవాళ్లు ఈ లెక్కలు ముందే చూసుకోవాలి:

- నేషనల్ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్: ఇంతకుముందు కేంద్రం తరఫున పరిశోధనకు నిధులిచ్చే సెర్బ్ ఇచ్చేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ చూస్తోంది. వయసు 35 దాటకూడదు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మహిళలు, దివ్యాంగులకు 5 ఏళ్ల సడలింపు ఉంది. థీసిస్ సబ్మిట్ చేసినవాళ్లూ అప్లై చేయవచ్చు. కాలం 2 ఏళ్లు.
- మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్, యూరప్: పీహెచ్‌డీ వచ్చి 8 ఏళ్లు దాటకూడదు. వెళ్లబోయే దేశంలో గడువు తేదీకి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. గడువు సాధారణంగా సెప్టెంబర్‌లో వస్తుంది.
- హంబోల్ట్, జర్మనీ: పోస్ట్‌డాక్ విభాగానికి పీహెచ్‌డీ అయి 4 ఏళ్లలోపు ఉండాలి.
- జేఎస్‌పీఎస్, జపాన్: స్టాండర్డ్ విభాగానికి పీహెచ్‌డీ అయి 6 ఏళ్లలోపు. అప్లికేషన్ సాధారణంగా జపాన్‌లోని హోస్ట్ ద్వారా వెళ్లాలి.
- ఎంబో, జీవశాస్త్రాలకు: పీహెచ్‌డీ అయి 2 ఏళ్లలోపు. మొదటి రచయితగా కనీసం ఒక పేపర్ ఉండాలి.

ఒక హెచ్చరిక. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఎఫ్-32, టీ-32 ఫెలోషిప్‌లు అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. వాటికోసం నెలలు వృథా చేసుకున్నవాళ్లను చూశాను. అదే ఎన్‌ఐహెచ్ ఇచ్చే కే-99కి ఆ నియమం లేదు. అయితే అది పోస్ట్‌డాక్‌లో చేరాక చూడాల్సినది.

2. క్యాలెండర్‌ని వెనక నుంచి లెక్కపెట్టండి

జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ కలిపి 5 ఏళ్లకు ఫెలోషిప్ ఆగిపోతుంది. థీసిస్ సబ్మిట్ చేశాక వైవా ఎప్పుడవుతుందో మన చేతుల్లో ఉండదు. రిపోర్టులు రావడానికి నెలలు పడుతుంది. ఈ రెంటి మధ్య చేతిలో డబ్బు లేని కాలమే మనిషిని కుంగదీస్తుంది. అందుకే సబ్మిషన్‌కు ఏడాది ముందే మొదలుపెట్టమంటాను.

- 12 నెలల ముందు: ల్యాబుల జాబితా తయారీ, ఫెలోషిప్ అర్హతల లెక్క.
- 10 నెలల ముందు: సీవీ, పరిశోధన సారాంశం సిద్ధం. రిఫరెన్స్ ఇచ్చేవాళ్లతో మాట్లాడటం.
- 9 నుంచి 6 నెలల ముందు: మెయిళ్లు. ఇంటర్వ్యూలూ ఈ మధ్యలోనే వస్తాయి.
- 6 నెలల ముందు: ఫెలోషిప్ ప్రపోజల్ రాత, హోస్ట్‌తో కలిసి.

మేరీ క్యూరీకి సెప్టెంబర్ గడువు అని ఆగస్టులో హోస్ట్‌ని వెతికితే దొరకరు. యూరప్‌లో ఆగస్టంటే చాలామంది సెలవుల్లో ఉంటారు. ఏప్రిల్, మే నాటికే ప్రొఫెసర్ ఒప్పుకుని ఉండాలి.

గణితం వాళ్లకు లెక్క వేరు. అమెరికా పోస్టులు మ్యాథ్‌జాబ్స్ సైట్‌లో శరదృతువులో వస్తాయి, అప్లికేషన్లు ఎక్కువగా అక్టోబర్, డిసెంబర్ మధ్య వెళ్లిపోతాయి. ఖగోళశాస్త్రంలో కూడా నవంబర్, డిసెంబర్‌లే కీలకం. ఆ సీజన్ తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

3. పేరు, కాగితాలు

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. డిగ్రీలో అది ఒక్క అక్షరమై ఉంటుంది. పాస్‌పోర్ట్‌లో కొందరికి మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలోనే ఉండి, సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. పేపర్లలో గైడ్ ఎలా రాస్తే అలా ఉంటుంది. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్ట్‌తో అమెరికా వీసా తీసుకుంటే మొదటి పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఆ తర్వాత బ్యాంకులో, జీతం కాగితాల్లో, ప్రతిచోటా అదే పేరవుతుంది.

ఇంకా టైముంది కాబట్టి పాస్‌పోర్ట్‌ను ఇప్పుడే సరిచేయించుకోండి. ఒకే రూపం ఎంచుకుని సీవీలో, మెయిల్ ఐడీలో, ఆర్కిడ్ (పరిశోధకులకిచ్చే ఆన్‌లైన్ గుర్తింపు సంఖ్య) ఖాతాలో అదే వాడండి. పాత పేపర్లలో వేరే రూపం ఉంటే ఆర్కిడ్‌లో 'ఇతర పేర్లు' దగ్గర చేర్చండి.

చేతిలో ఉండాల్సినవి:

- కనీసం మూడేళ్ల గడువున్న పాస్‌పోర్ట్
- పీజీ మార్కుల మెమోలు, ప్రొవిజనల్, ఒరిజినల్ డిగ్రీ స్కాన్లు, అన్నీ ఒకే ఫోల్డర్లో
- థీసిస్ ఎప్పుడు సబ్మిట్ అవుతుందో తెలిపే గైడ్ లేదా శాఖాధిపతి లెటర్‌హెడ్ మీది ఉత్తరం, ఇంగ్లిష్‌లో
- వైవా అయిన రోజే అడిగి తీసుకోవాల్సిన వైవా పూర్తయిన ధ్రువపత్రం

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. మేరీ క్యూరీ లాంటివి థీసిస్ విజయవంతంగా డిఫెండ్ చేసిన తేదీని చూస్తాయి, కాన్వకేషన్ తేదీని కాదు.

4. సీవీ: మనం పెట్టేవి, వాళ్లు వెతికేవి

మనకు అలవాటైన బయోడేటాలోంచి ముందు ఇవి తీసేయండి: తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మతం, పెళ్లి వివరం, ఫొటో, చివర్లో "పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను" అనే వాక్యం. విదేశీ యూనివర్సిటీలకు ఇవి అక్కర్లేదు. మన దేశంలో ఫారం అడిగితే ఫారంలో నింపండి, సీవీలో వద్దు.

మొదటి పేజీలో పేరు, పరిశోధన రంగం రెండు లైన్లలో, చదువు, ముఖ్యమైన పేపర్లు, నిజంగా చేతికి వచ్చిన టెక్నిక్‌లు ఉండాలి. చదివేవాళ్లు ఒక్కో సీవీ మీద నిమిషమో రెండు నిమిషాలో పెడతారు. మొదటి పేజీలో కనబడనిది లేనట్టే.

పేపర్ల దగ్గర నిజాయితీగా ఉండండి. అచ్చయినవి, ఆమోదం పొందినవి, ప్రీప్రింట్‌లు (జర్నల్ రివ్యూకి ముందే ఆన్‌లైన్‌లో అందరికీ పెట్టినవి), రివ్యూలో ఉన్నవి వేరువేరుగా చూపండి. 'తయారీలో ఉన్నవి' అని ఆరు పేపర్లు పెడితే అసలున్న రెండింటి మీదా నమ్మకం పోతుంది. ఒకటి తయారీలో ఉంటే దాన్ని ప్రీప్రింట్‌గా పెట్టి లింక్ ఇవ్వండి. ఎవరైనా తెరిచి చదవగలరు, అదే దాని బలం.

డబ్బు కట్టి వారంలో వేయించుకున్న జర్నల్ పేపర్లు సీవీలో ఉంటే? నా సలహా, తీసేయండి. అవి మార్కులు తేవు. పైగా మంచి చెడు తెలియని మనిషి అనే ముద్ర పడుతుంది.

టెక్నిక్‌ల దగ్గర 'తెలుసు' అనే మాట సరిపోదు. "కాన్ఫోకల్ మైక్రోస్కోపీ" అని వదిలేయకుండా, "కాన్ఫోకల్ మైక్రోస్కోపీ: మూడేళ్లు, సొంతంగా ఇమేజింగ్, డేటా విశ్లేషణ" అని రాయండి. పరికరం మీ యూనివర్సిటీలో లేక హైదరాబాద్‌లోని సీసీఎంబీకో ఐఐసీటీకో వెళ్లి చేయించుకుని ఉంటే, మీరు చేసిందేమిటో, అక్కడి ఆపరేటర్ చేసిందేమిటో స్పష్టంగా చెప్పండి. ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారు.

5. ఎవరికి రాయాలి

యూనివర్సిటీ ర్యాంకు చూసి కాదు, మీ థీసిస్ చివర ఉన్న రిఫరెన్స్‌లు చూసి మొదలుపెట్టండి. మీరు పదేపదే ఉదహరించిన ల్యాబులేవి? వాళ్ల దగ్గర పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ చేసి ఈ మధ్యే సొంత ల్యాబు పెట్టుకున్నవాళ్లెవరు? ఈ రెండో రకం మీద ఎక్కువ దృష్టి పెట్టండి. కొత్త ల్యాబుల్లో మనుషుల అవసరం ఉంటుంది, మెయిళ్లు సొంతంగా చదువుతారు.

పదిహేను మందితో ఒక షీట్ పెట్టుకోండి. ఒక్కో పేరు ఎదురుగా:

- గత రెండేళ్లలో వచ్చిన రెండు పేపర్లు, మీరు నిజంగా చదివినవి
- మీ పనికి దానితో ఉన్న సంబంధం, ఒక వాక్యంలో
- ఇప్పుడు నడుస్తున్న గ్రాంట్ ఉందా (అమెరికాలో ఎన్‌ఐహెచ్ రిపోర్టర్, ఎన్‌ఎస్‌ఎఫ్ అవార్డ్ సెర్చ్, యూరప్‌లో కార్డిస్ సైట్లలో ఎవరైనా చూడవచ్చు)
- ల్యాబు పేజీలో పోస్ట్‌డాక్‌లు ఎంతమంది, వెళ్లిపోయినవాళ్లు ఎక్కడున్నారు
- మెయిల్ పంపిన తేదీ, గుర్తుచేసిన తేదీ, జవాబు

మూడో గడి చూడటం ఎవరూ చెప్పరు. గ్రాంట్ నిరుడే మొదలైతే మనుషుల కోసం చూస్తుంటారు. ఆరు నెలల్లో ముగిసిపోయేదైతే ఎంత నచ్చినా తీసుకోలేరు. అలాంటివాళ్లకు ఫెలోషిప్ ప్రస్తావనతోనే రాయాలి.

మన దేశాన్ని రెండో ఎంపికలా చూడొద్దు. హైదరాబాద్‌లోనే సెంట్రల్ యూనివర్సిటీ, టీఐఎఫ్ఆర్, సీడీఎఫ్‌డీ, ఐఐటీ ఉన్నాయి. తిరుపతిలో ఐజర్, ఐఐటీ ఉన్నాయి. రాష్ట్ర యూనివర్సిటీ నుంచి వచ్చి ఇక్కడ రెండేళ్లు మంచి ల్యాబులో చేసి, తర్వాత బయటికి వెళ్లినవాళ్లు ఉన్నారు.

6. మొదటి మెయిల్

నా మొదటి విడతలో ముప్పై ఎనిమిది మందికి ఒకే ఉత్తరం, పేరు మార్చి పంపాను. రెండు జవాబులొచ్చాయి, రెండూ 'లేదు' అనే. అందులో ఒక ఉత్తరంలో పాత ప్రొఫెసర్ పేరే ఉండిపోయిందని నెల తర్వాత చూసుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండో విడతలో ఏడుగురికే రాశాను, ఒక్కో ఉత్తరానికి రెండు మూడు రోజులు పెట్టి. నలుగురు జవాబిచ్చారు, ఇద్దరు ఇంటర్వ్యూకి పిలిచారు. మధ్యలో నా సీవీ ఏమీ మారలేదు.

ముందు మన అలవాట్లు. "రెస్పెక్టెడ్ సర్" వద్దు. అవతల ఉన్నది మహిళ అయితే మొదటి మాటలోనే పోతుంది. "డియర్ ప్రొఫెసర్" తర్వాత ఇంటిపేరు రాస్తే చాలు. "మీ ప్రతిష్ఠాత్మక ల్యాబులో అవకాశం ఇప్పించగలరని ప్రార్థన" లాంటివి వద్దు. మనకు మర్యాదగా అనిపించేది వాళ్లకు వందమందికి పంపిన ఉత్తరంలా కనిపిస్తుంది. ఇంట్లో ఇబ్బందులు రాయకండి. అవి నిజమే, కానీ ఆ ఉత్తరం వాటికి చోటు కాదు.

ఉత్తరం ఇంగ్లిష్‌లోనే వెళ్తుంది. దాని నడక తెలియడానికి, ఊహించిన ఉదాహరణ ఒకటి తెలుగులో రాస్తున్నాను.

సబ్జెక్ట్ లైన్: పోస్ట్‌డాక్ విచారణ, వరి వేర్లలో ఉప్పు ఒత్తిడి, వచ్చే సంవత్సరం నుంచి

"డియర్ ప్రొఫెసర్ ఫలానా,

ఉప్పు నేలలో వరి వేరు మొదటి 24 గంటల్లో ఎలా స్పందిస్తుందన్నది నా పీహెచ్‌డీ అంశం. వేరు బయటి పొర కణాలే ముందుగా స్పందిస్తాయని మీ ల్యాబ్ నిరుటి పేపర్‌లో చూపింది. మేం చూసిన రెండు స్థానిక రకాల్లో ఆ స్పందన ఆలస్యమైంది, అయినా మొక్క తట్టుకుంది. ఈ తేడాకి కారణాన్ని మీ లైవ్ ఇమేజింగ్ పద్ధతితో తేల్చవచ్చని నా ఆలోచన.

ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా విశ్లేషణ, వరిలో జీన్ ఎడిటింగ్ నేను సొంతంగా చేస్తాను. ఇమేజింగ్ మీ దగ్గర నేర్చుకోవాలి. నా ప్రీప్రింట్ లింక్ కింద ఇచ్చాను.

జనవరిలో థీసిస్ సబ్మిట్ చేశాను, జూన్‌కల్లా వైవా అవుతుందని అంచనా. మీ దగ్గర నిధులున్న పోస్టు ఉందా? లేకపోతే సెప్టెంబర్ గడువుకు మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు నాకు హోస్ట్‌గా ఉండే విషయం ఆలోచిస్తారా? సీవీ, రెండు పేజీల పరిశోధన సారాంశం జతచేశాను."

అంతే. ఇందులో పొగడ్త లేదు. ఆయన పేపర్ చదివానన్న మాట కూడా లేదు, కానీ చదివినట్టు తెలిసిపోతోంది. రానిది రాదని ఒప్పుకోవడం ఉంది, దాని వల్ల వచ్చినవాటి మీద నమ్మకం పెరుగుతుంది. చివరి ప్రశ్నకు అవునో కాదో అని జవాబివ్వవచ్చు.

పంపేముందు:

- పేరు స్పెల్లింగ్ వాళ్ల పేజీ నుంచి కాపీ చేశారా?
- జత చేసినవన్నీ ఒకే పీడీఎఫ్‌లో, ఫైలు పేరులో మీ ఇంటిపేరుతో ఉన్నాయా?
- ఒక్కరికే వెళ్తోందా? సీసీ, బీసీసీ గళ్లు ఖాళీగా ఉన్నాయా?
- వాళ్ల ల్యాబు పేజీలో 'చేరాలనుకునేవాళ్లకు' అనే భాగం చదివారా? కొందరు ఫలానా మాట సబ్జెక్ట్‌లో పెట్టమంటారు. అది లేకపోతే తెరవరు.
- మంగళవారం నుంచి గురువారం మధ్య, వాళ్ల ఉదయానికి చేరేలా పెట్టారా? ఇదేమీ నియమం కాదు, సోమవారం మెయిళ్ల రద్దీలో పడకుండా ఉంటుందని చెబుతున్నాను.

ఒకే శాఖలో ఇద్దరికి ఒకేసారి రాయకండి. వాళ్లు మాట్లాడుకుంటారు.

7. జవాబు రాకపోతే

పది పన్నెండు రోజులు ఆగి, అదే మెయిల్‌కు రిప్లైగా మూడు లైన్లు రాయండి. ఈలోపు కొత్త పేపరో ఆమోదమో వచ్చి ఉంటే అదే చెప్పండి. రెండోసారి కూడా మౌనమైతే వదిలేయండి.

ఎక్కడ ఆగుతోందో చూస్తే ఏది సరిచేయాలో తెలుస్తుంది. పది మందికి రాసినా ఒక్క జవాబూ లేకపోతే లోపం మెయిల్‌లోనో, ఎంచుకున్న ల్యాబుల్లోనో ఉంది. 'బాగుంది కానీ డబ్బు లేదు' అంటున్నారంటే ఫెలోషిప్ దారి తీసుకోవాలి. ఆ జవాబిచ్చినవాళ్లే మీకు కాబోయే హోస్ట్‌లు, వదలొద్దు. ఇంటర్వ్యూ దాకా వచ్చి ఆగుతుంటే టాక్ మీద పని చేయాలి, లేదా రిఫరెన్స్‌లలో ఏదో తేడా ఉంది.

డబ్బు కడితే పోస్ట్‌డాక్ ఇప్పిస్తామని ఎవరైనా మెయిల్ పెడితే అది మోసం. నిజమైన యూనివర్సిటీ ఏదీ పోస్టు ఇవ్వడానికి 'ప్రాసెసింగ్ ఫీజు' అడగదు.

8. రిఫరెన్స్ లెటర్లు

మామూలుగా ముగ్గురు కావాలి. ఒకరు గైడ్. మిగతా ఇద్దరు మీతో కలిసి పనిచేసినవాళ్లయి ఉండాలి: డాక్టొరల్ కమిటీ సభ్యులు, వేరే సంస్థలోని సహరచయితలు. పెద్ద పదవిలో ఉండి మిమ్మల్ని ఎరగని వైస్ ఛాన్సలర్ లేఖ కన్నా మీ డేటా చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ లేఖ బలమైనది.

మన దగ్గర ఎక్కువసార్లు జరిగేది, "నువ్వే రాసి పంపు, సంతకం పెడతా" అనడం. ముగ్గురివీ మీరే రాస్తే మూడూ ఒకే గొంతులో వినిపిస్తాయి, చదివేవాళ్లు పట్టేస్తారు. లేఖ రాసివ్వడానికి బదులు వాళ్లు చూసిన మీ పని గురించి అరపేజీ పాయింట్లు ఇవ్వండి: ఏ సమస్య వచ్చింది, మీరేం చేశారు, ఫలితమేమిటి. "సార్, ఈ పాయింట్లతో మీ మాటల్లో రాస్తే బాగుంటుంది" అని అడిగితే చాలామంది రాస్తారు.

చాలా పోర్టల్‌లు లేఖను నేరుగా రిఫరీ నుంచే, సంస్థ మెయిల్ ఐడీ నుంచే తీసుకుంటాయి. మన ప్రొఫెసర్లలో చాలామంది జీమెయిల్ వాడతారు. యూనివర్సిటీ ఐడీ పనిచేస్తోందో లేదో, పాస్‌వర్డ్ గుర్తుందో లేదో నెల ముందే అడిగి చూసుకోండి. అవసరమైతే పక్కన కూర్చుని లాగిన్ చేయించండి. గడువు రోజు రాత్రి ఈ ఒక్క విషయం మీద అప్లికేషన్ పోగొట్టుకున్న మిత్రులు నాకున్నారు.

గైడ్‌తో సంబంధం చెడి ఉంటే? ఇది చాలామంది ఒంటరిగా మోసే బరువు. గైడ్ పేరు పూర్తిగా లేకపోతే ప్రశ్న వస్తుంది కాబట్టి, ముందు కమిటీలోని ఒకరితో నిజం చెప్పి మాట్లాడండి. ఆయన లేఖలో 'ఈ విద్యార్థి పనిని మొదటి నుంచీ చూస్తున్నాను' అని ఉంటే చాలా వరకు లోటు తీరుతుంది. ఇంటర్వ్యూలో అడిగితే, "థీసిస్ దిశ విషయంలో అభిప్రాయ భేదాలున్నాయి, నా పని గురించి ఫలానావారు చెప్పగలరు" అని ఊరుకోండి. గైడ్ మీద ఫిర్యాదు ఒక్క వాక్యం కూడా వద్దు, అది ఎంత న్యాయమైనదైనా సరే.

9. ప్రపోజల్

రెండు పేజీల ప్రపోజల్‌కు ఒక ప్రశ్న, రెండు మూడు లక్ష్యాలు చాలు. ప్రతి లక్ష్యానికి: ఏం చేస్తారు, ఎంత కాలం, అనుకున్నట్టు రాకపోతే ఏం చేస్తారు. మూడోదే చాలామంది రాయరు. ప్రయోగం తిరగబడుతుందని ఊహించి దారి చూపినవాళ్లనే అనుభవం ఉన్నవాళ్లుగా చూస్తారు.

పీహెచ్‌డీకి కొనసాగింపులా ఉండకూడదు, సంబంధం లేనట్టూ ఉండకూడదు. మీ దగ్గరున్నది ఒకటి, వాళ్ల దగ్గరున్నది ఒకటి, రెండూ కలిస్తేనే జరిగే పని.

మేరీ క్యూరీలో మార్కులు మూడు భాగాలుగా ఉంటాయి: ఎక్సలెన్స్ 50 శాతం, ఇంపాక్ట్ 30, ఇంప్లిమెంటేషన్ 20. మనవాళ్లు సైన్స్ అద్భుతంగా రాసి, మిగతా సగాన్ని చివరి రెండు రోజుల్లో నింపుతారు. అక్కడే ఓడిపోతారు. శిక్షణ, కెరీర్‌లో ముందడుగు, ప్రజలకు చెప్పే ప్రణాళిక, నెలల వారీ చార్ట్‌, వీటికీ అంతే సమయం పెట్టండి. హోస్ట్ యూనివర్సిటీలో దీనికోసం ప్రత్యేకంగా ఆఫీసు ఉంటుంది. గెలిచిన పాత ప్రపోజల్‌లు చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

10. ప్రకటన చూసి అప్లై చేస్తుంటే

బ్రిటన్ ప్రకటనల్లో 'పర్సన్ స్పెసిఫికేషన్' అని ఉంటుంది, అందులో తప్పనిసరి అర్హతలు, ఉంటే మంచివి విడివిడిగా ఇస్తారు. కవర్ లెటర్‌లో ప్రతి తప్పనిసరి అర్హతకూ అదే వరసలో, అదే మాటతో, ఒక ఉదాహరణతో జవాబు రాయండి. కమిటీ దాన్ని పట్టుకునే టిక్కులు పెడుతుంది. అందంగా రాసినా ఒకటి వదిలేస్తే వడపోతలో పోతుంది.

జర్మనీ ప్రకటనలో 'టీవీ-ఎల్ ఇ13, 100 శాతం' అని (టీవీ-ఎల్ ఇ13 అక్కడి ప్రభుత్వ జీతాల గ్రేడు) ఉంటే పూర్తి పోస్టు. 65 శాతం అని ఉంటే అది సాధారణంగా పీహెచ్‌డీ విద్యార్థుల కోసం. యూరప్ పోస్టులకు యూరాక్సెస్, బ్రిటన్‌కు జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే రోజూ చూడండి.

11. ఇంటర్వ్యూ

టైము లెక్కలో తప్పులు జరుగుతాయి. చలికాలంలో న్యూయార్క్ ఉదయం 10 అంటే మనకు రాత్రి 8:30, వేసవిలో 7:30. లండన్ సాయంత్రం 4 అంటే చలికాలంలో మనకు రాత్రి 9:30, వేసవిలో 8:30. అమెరికా గడియారం మార్చిలో యూరప్ కన్నా ముందే మారుతుంది, కాబట్టి ఆ వారాల్లో మరీ జాగ్రత్త. జవాబు మెయిల్‌లో భారత కాలమానం కూడా రాసి ఖాయం చేసుకోండి.

హాస్టల్ గదిలో అయితే కరెంటు పోయినా నడిచే ఏర్పాటు, రెండో ఫోన్‌లో వేరే కంపెనీ డేటా ఉంచుకోండి. స్లైడ్లు ముందే వాళ్లకు పంపండి. నెట్ పోతే ఫోన్‌లోనే మాట్లాడవచ్చు.

టాక్, అంటే మీ పని గురించి మీరిచ్చే ప్రసంగం, సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు. మూడు ఫలితాలకు మించవద్దు. మొదటి రెండు స్లైడ్లలో ప్రశ్న ఏమిటో రంగం బయటివాళ్లకు కూడా అర్థం కావాలి. చివరి స్లైడ్ వాళ్ల ల్యాబులో మీరు చేయబోయే పని గురించి ఉండాలి. ఇంగ్లిష్ వేగంగా రాకపోయినా పర్లేదు. నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో చెప్పండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనండి. అర్థం కాకుండా ఏదో చెప్పడం కన్నా అదే నయం. ఇంట్లో అద్దం ముందు కాదు, వేరే సబ్జెక్ట్ మిత్రుల ముందు రెండుసార్లు చెప్పి చూడండి.

మీరూ అడగాలి. మనం అడగడానికి జంకుతాం, కానీ ఇవి అడగకుండా చేరితే తర్వాత చాలా బాధపడతారు:

- డబ్బు ఎంతకాలానికి ఖాయం? ఏటా రెన్యూవల్ దేన్నిబట్టి?
- ప్రాజెక్టు సిద్ధంగా ఉందా, నేను రూపొందించాలా?
- వెళ్లేటప్పుడు ఏ భాగాన్ని నాతో తీసుకెళ్లవచ్చు?
- ఇప్పుడున్న పోస్ట్‌డాక్‌తో విడిగా మాట్లాడవచ్చా?

చివరిదానికి ఒప్పుకోకపోతే ఆలోచించండి. ఒప్పుకుంటే, "సెలవు తీసుకుంటే ఏమంటారు? పేపర్లలో మొదటి పేరు ఎలా తేలుతుంది?" అని వాళ్లనే అడగండి.

12. ఆఫర్ వచ్చాక

మాటగా వచ్చినదాన్ని మెయిల్‌గా, మెయిల్‌ని యూనివర్సిటీ లెటర్‌గా మార్చేవరకు మిగతావాళ్లకు 'వద్దు' అని చెప్పకండి. జీతం చూసేటప్పుడు రూపాయల్లోకి మార్చి సంతోషపడటం కాదు, ఆ ఊరి అద్దె, పన్ను, ఇన్సూరెన్స్ తీసేసి ఎంత మిగులుతుందో చూడండి. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఎన్‌ఐహెచ్ స్కేలును కొలతగా పెట్టుకుంటాయి. 2024 స్కేలులో అనుభవం లేనివాళ్లకు ఏడాదికి 61,008 డాలర్లు. మీకు చెప్పింది అంతకన్నా బాగా తక్కువైతే కారణం అడగవచ్చు.

అమెరికాకు ఎక్కువమంది జే-1 రీసెర్చ్ స్కాలర్ వీసా మీద వెళ్తారు, దాని గరిష్ఠ కాలం 5 ఏళ్లు. ఆ వీసాకు కావాల్సిన డీఎస్-2019 ఫారం యూనివర్సిటీ పంపాకే వీసా అపాయింట్‌మెంట్. జే-1 ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలనే నియమం గురించి అడుగుతుంటారు. ఆ నియమం ఏ దేశాలవాళ్లకు పడుతుందో చెప్పే స్కిల్స్ లిస్టును 2024 డిసెంబర్‌లో సవరించారు, అందులో మన దేశం లేదు, కాబట్టి ఆ లిస్టు కారణంగా నియమం పడదు. ప్రభుత్వ నిధులతో వెళ్లేవాళ్లకు మాత్రం వర్తిస్తుంది. భార్య లేదా భర్త జే-2 మీద వచ్చి పని అనుమతికి అప్లై చేయవచ్చు. ఇంట్లో నిర్ణయం తీసుకునేటప్పుడు ఇది పెద్ద విషయం.

బ్రిటన్ వెళ్లేవాళ్లలో కొన్ని సబ్జెక్టులవాళ్లకు వీసాకు ముందే ఏటీఏఎస్ క్లియరెన్స్ (సున్నితమైన సాంకేతిక రంగాలవాళ్లకు బ్రిటన్ ప్రభుత్వ భద్రతా అనుమతి) కావాలి, దానికి వారాలు పడుతుంది. టీబీ పరీక్ష కూడా చేయించుకోవాలి. చేరే తేదీని వీటన్నిటినీ లెక్కేసుకుని చెప్పండి. మూడు నాలుగు నెలలు అడగడం తప్పేమీ కాదు.

బయల్దేరేముందు:

- పాత ల్యాబు డేటా, నోట్‌బుక్‌లు రాతపూర్వకంగా అప్పగించి, మిగిలిన పేపర్లలో ఎవరి పేరు ఎక్కడ అన్నది మెయిల్‌లో ఖాయం చేసుకోవాలి.
- యూనివర్సిటీ ఐడీ మూసేయకముందే అందులోని ఉత్తరాలు, ఫైళ్లు దాచుకోవాలి.
- నో డ్యూస్, లైబ్రరీ, హాస్టల్ లెక్కలు తేల్చుకోవాలి.
- ఒరిజినల్ డిగ్రీకి ఫీజు కట్టి, రసీదు, మీ తరఫున తీసుకోవడానికి సంతకం చేసిన అధికార పత్రం ఇంట్లోవాళ్ల దగ్గర పెట్టి వెళ్లాలి. అక్కడి నుంచి ఫోన్ల మీద దాన్ని తెప్పించుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.